ఎర్ర స్కర్టు గుర్తు

ఐర్లండ్‌లో గర్భస్రావాన్ని నేరంగా చూసింది 1861 నాటి బ్రిటిష్ చట్టం. బ్రిటన్ 1967లో కొత్త చట్టం తెచ్చి తన వరకు దాన్ని సడలించుకుంది. స్వతంత్ర ఐర్లండ్ మాత్రం పాత చట్టాన్నే పట్టుకుని ఉండిపోయింది. దాంతో ఐరిష్ స్త్రీలు సముద్రం దాటడం మొదలుపెట్టారు. రాత్రి ఓడెక్కి, హోలీహెడ్ రేవులో దిగి, రైలు పట్టుకుని లండన్ చేరేవారు. ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళుండరు. ఇంట్లో నిజం చెప్పి వచ్చే వీలుండదు. పైగా ప్రయాణానికీ క్లినిక్‌కీ సొంత డబ్బే పెట్టుకోవాలి.

లండన్‌లో స్థిరపడ్డ కొందరు ఐరిష్ స్త్రీలు 1980లో వీళ్ళ కోసం ఒక సంఘం పెట్టారు. పేరు ఐరిష్ విమెన్స్ అబార్షన్ సపోర్ట్ గ్రూప్. ఫోను చేసినవారికి క్లినిక్ వివరాలు చెప్పడం, స్టేషన్‌కి ఎదురెళ్ళడం, తమ ఇంట్లోనే పక్క వేసి ఇంత అన్నం పెట్టడం, తోడుండడం వాళ్ళ పని. మరి మొహం తెలియని మనిషిని అంత జనంలో పోల్చుకునేదెలా? దానికి వాళ్ళు పెట్టుకున్న ఆనవాలు ఎర్ర స్కర్టు. గర్భస్రావం అనడానికి బదులు ‘ఇమెల్డా’ అని ఆడపిల్ల పేరొకటి వాడుకున్నారు. భయంతో వణికిపోతూ దిగిన మనిషికి దూరాన కనిపించే ఆ ఎర్రరంగు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో! ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

1983లో ఐర్లండ్ రాజ్యాంగానికి ఎనిమిదో సవరణ వచ్చింది. తల్లి ప్రాణానికీ గర్భస్థ శిశువు ప్రాణానికీ సమాన హక్కు అంది. ఆ తర్వాత కోర్టులు విదేశీ క్లినిక్‌ల వివరాలు చెప్పడాన్ని కూడా నిషేధించాయి. అప్పుడు లండన్ ఫోను నంబర్లు మరుగుదొడ్ల గోడలకెక్కాయి. 1992లో అత్యాచారానికి గురై గర్భవతైన 14 ఏళ్ళ పిల్లను దేశం దాటకుండా కోర్టు ఆపితే జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే ప్రయాణించే హక్కు, సమాచారం పొందే హక్కు దక్కాయి.

2000 నాటికి ఆ సంఘం పని ఆగిపోయింది, అవసరం మాత్రం తీరలేదు. 2009లో మారా క్లార్క్ లండన్‌లో అబార్షన్ సపోర్ట్ నెట్‌వర్క్ మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో ఇలా దూరం నుంచి వచ్చే స్త్రీలకు ఇంట్లో చోటిచ్చిన అనుభవం ఆమెది. ఈసారి పక్కతో పాటు డబ్బూ ఇచ్చారు. 2012లో ఐర్లండ్‌లోని గాల్వే ఆసుపత్రిలో మన పొరుగున బెళగావికి చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ చనిపోయింది. గర్భం నిలవదని తేలాక కూడా, పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంతో ఆమె కోరిన గర్భస్రావం చేయలేదు. 2018 మేలో ప్రజాభిప్రాయ సేకరణలో ఓటేసినవారిలో 66 శాతానికి పైగా ఎనిమిదో సవరణను తీసేయమన్నారు. అప్పటికి లక్షన్నర మందికి పైగా ఐరిష్ స్త్రీలు సముద్రం దాటారు.

మన దేశంలో 1971 నుంచీ గర్భస్రావానికి చట్టం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. అయినా ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కే ఆడవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా మిమ్మల్ని నమ్మి నోరు విప్పితే, ఎందుకని నిలదీయకండి. తోడు వెళ్ళండి.