కన్యాశుల్కానికి ఇంగ్లీషు మాట

పోయిన ఉగాదికి మా ఊరి తెలుగు సంఘంవారు గురజాడవారి కన్యాశుల్కం నుంచి రెండు రంగాలు వేయించారు. కార్యక్రమం కాగితం తయారుచేసే పని మా నెత్తిన పడింది. మన పిల్లలూ, వాళ్ళతో వచ్చే అమెరికన్ స్నేహితులూ చదవాలి కాబట్టి తెలుగు పక్కన ఇంగ్లీషు కూడా ఉండాలన్నారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్రకళ్ళతో, నాటకం పేరుకి ఎదురుగా "డౌరీ" అని కొట్టేశాము.

మిత్రుల అమ్మాయి ఒకతె కాలేజీలో చదువుతోంది. కాగితం చూసి, "అంకుల్, ఇందులో డబ్బిచ్చేది పెళ్ళికొడుకు కదా? మరి డౌరీ ఎలా అవుతుంది?" అంది. సిగ్గుపడ్డాము. కుడికాలికి చెయ్యవలసిన ఆపరేషను ఎడమకాలికి రాసినట్టయింది. కొట్టేసి "బ్రైడ్ ప్రైస్" అని రాశాము. "మా ఆంత్రొపాలజీ క్లాసులో ఆ మాట వాడనివ్వరు, బ్రైడ్ వెల్త్ అనాలంటారు" అందా పిల్ల. ఇక నిద్ర ఎక్కడిది? పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాము.

ఆ పిల్ల చెప్పినదాని వెనక ఒక కథ ఉంది. ఆఫ్రికాలో పెళ్ళికొడుకువారు పిల్లవారికి పశువులు ఇస్తారు. తెల్లదొరలు దానికి "ప్రైస్" అని పేరు పెట్టి, అక్కడివాళ్ళు ఆడవాళ్ళని సంతలో కొనుక్కుంటారని రాసుకున్నారు. 1931లో ఇవాన్స్-ప్రిచర్డ్ అనే ఇంగ్లీషు పండితుడు "మాన్" అనే పత్రికలో దీనిమీద వ్యాసం రాసి, "ప్రైస్" అనే మాట కొనుగోలు అనే అపోహ కలిగిస్తుంది కాబట్టి "వెల్త్" అందామన్నాడు. మాతో పనిచేసే కెన్యాదేశపు నర్సు ఒకామె తన పెళ్ళికి ఎన్ని ఆవులు వచ్చాయో గర్వంగా చెప్పుకుంటుంది. ఆమె ఎదుట "ప్రైస్" అనడానికి మాకూ నోరు రాదు.

అయితే ఆ మాట తెచ్చి గురజాడవారి నాటకానికి అతికించవచ్చునా? ఇక్కడే మాకు ఓలి గుర్తుకొచ్చింది. మన పల్లెల్లో ఎన్నో కులాలలో పెళ్ళికొడుకువారు ఓలి ఇచ్చి పిల్లని తెచ్చుకునేవారు. ఎంతివ్వాలో కులకట్టుబాటు ఉండేది, పదిమంది ఎదుట ఇచ్చేవారు, అందులో ఎవరికీ తలవంపు లేదు. "బ్రైడ్ వెల్త్" అనే మాట ఓలికి చక్కగా సరిపోతుంది. కన్యాశుల్కం అలాంటిది కాదు. శాస్త్రం వద్దన్నదాన్ని శాస్త్రం చదువుకున్న అవధానులే చేసిన పని అది. తెలుగులో రెండు మాటలున్న చోట ఇంగ్లీషులో ఒకటే పెడితే, ఓలి ఇచ్చినవాడికి లేని మచ్చ అంటుతుంది, లుబ్ధావధానులకి ఉన్న మచ్చ చెరిగిపోతుంది.

గురజాడవారు మాటకోసం వెతుక్కోలేదా అంటే, వెతుక్కునే ఉంటారు. నాటకం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే దాదాపు తిరగరాశారు. మొదటి కూర్పుకి పీఠిక ఇంగ్లీషులోనే రాశారు. అందులో "శుల్క" వివాహాలు, "ఆసుర" వివాహాలు అని సంస్కృతం మాటలే ఉంచి, వాటి పక్కన అంకెలు పెట్టారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన అటువంటి పెళ్ళిళ్ళకి జాబితా తీయించారు. మూడేళ్ళకి 1,034 తేలాయి. పెళ్ళినాటికి ఐదేళ్ళ పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

ఆ చివరి వరస దగ్గర చాలాసేపు ఆగిపోయాము. ఏడాది పిల్లకి మేము టీకాలు వేయిస్తాము, తూకం చూసి రాసుకుంటాము, నడక వచ్చిందా అని తల్లిని అడుగుతాము. రోగానికి పేరు కుదరనప్పుడు మా వృత్తిలో చేసేదీ ఇదే: ముందు ఎంతమందికి వచ్చింది, ఏ వయసులో వచ్చింది అని లెక్క రాస్తాము.

పేరు మాత్రం పూర్వమే ఒకాయన పెట్టాడు, ఆయన మనువు. ఆర్షవివాహంలో పిల్ల తండ్రి ఆవునీ ఎద్దునీ పుచ్చుకుంటాడు కదా, దాన్ని కొందరు శుల్కమంటారు, అది తప్పు అన్నాడు మూడో అధ్యాయంలో. కొంచెం పుచ్చుకున్నా ఎక్కువ పుచ్చుకున్నా అది విక్రయమేనన్నాడు. లోభంతో శుల్కం పుచ్చుకున్న తండ్రి బిడ్డని అమ్ముకున్నవాడట. ఆ సొమ్ము తమవాళ్ళు ముట్టక పిల్లకే ఇస్తే మాత్రం అమ్మకం కాదట. మనువు చెప్పిన మిగతావాటితో మాకు పేచీలు చాలా ఉన్నాయి గాని, ఈ ఒక్క చోట ఆయన చూపు సూటిగా ఉంది. డబ్బు ఎటునుంచి వచ్చిందన్నది కాదు, చివరికి ఎవరి మొలలో చేరిందన్నదే ఆయన చూశాడు.

అందుకనే వెల్చేరు నారాయణరావుగారు చేసిన పని మాకు నచ్చింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పిన ఆయన ఈ నాటకాన్ని ఇంగ్లీషు చేస్తే 2007లో ఇండియానా విశ్వవిద్యాలయం ప్రెస్సువారు వేశారు. పేరు "గర్ల్స్ ఫర్ సేల్", కింద చిన్నగా "కన్యాశుల్కం". ప్రైసూ లేదు, వెల్తూ లేదు. సంతలో వేలాడదీసే బోర్డులా ఉందని మా మిత్రులొకరు ముఖం చిట్లించారు. ఉండనివ్వండి. బుచ్చమ్మని ముసలివాడికి అమ్మి, ఆమె విధవై ఇంట్లో కూర్చున్నా, రెండో కూతురు సుబ్బికి బేరం కుదుర్చుకున్న తండ్రి కథ అది. ఆ బేరం విని తల్లి నూతిలో దూకింది. పైగా కరటకశాస్త్రి ఆడవేషం వేయించి లుబ్ధావధానులకి అంటగట్టిన పిల్ల ఆడపిల్లే కాదు! మధురవాణి మాట సరేసరి. లోకమంతా ఎవరిని అమ్ముడుపోయేదంటుందో ఆవిడే ఈ బేరాన్ని చెడగొట్టడానికి సాయపడింది. "సేల్" అన్న మాటలో ఇవన్నీ పడతాయి.

సరే, కాగితం మీద "కన్యాశుల్కం" అనే ఇంగ్లీషు అక్షరాలలో వేసి, కింద ఒక్క వాక్యం చేర్చాము: డబ్బు పుచ్చుకుని పసిపిల్లని ముసలివాడికి కట్టబెట్టే తండ్రి కథ అని. ఆ పిల్ల చదివి తల ఊపింది. కాగితం మడిచి చేతిలో పెట్టుకుని, "మరి మీ పెళ్ళికి, అంకుల్?" అంది.

మా పెళ్ళికి కట్నం లేదనే ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాము. అమెరికా డాక్టరు సంబంధం అని మామగారు విశాఖపట్నంలో స్థలం రాసిచ్చారు. మా పెద్దలు దాన్ని "లాంఛనాలు" అన్నారు. ఆ మాటకి ఇంగ్లీషేమిటని అడిగింది ఆ పిల్ల. లోపలినుంచి భోజనాలకి పిలుపు వచ్చింది, లేచాము. ఆ మాటకి ఇంగ్లీషు ఇంకా రాయలేదు.