తాళంచెవి ఎవరి దగ్గరుంది? జావా, డాట్ నెట్, మన తండా చదువులు



ఆదోని, ఎమ్మిగనూరు వైపు తండాల నుంచి డిగ్రీ, బీటెక్ చదివే పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, జావా నేర్చుకోవాలా, డాట్ నెట్ నేర్చుకోవాలా?" అమ్మానాన్న గుంటూరు మిరప కోతలకి సుగ్గి పోయి తెచ్చిన డబ్బుతో కోర్సు ఫీజు కట్టాలి. అందుకే ఇది చిన్న ప్రశ్న కాదు. ఏది గొప్పదో చెప్పడం కన్నా, ఏది ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో ఆ చరిత్ర చెప్పడం మంచిదనుకున్నాం.

ముందు మన కథ. మన సుగాలీ, ఎరుకల పెద్దలు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. 1871లో బొంబాయి రైలుదారి, ఆదోని మీదుగా వచ్చిన మద్రాసు రైలుదారి రాయచూరులో కలిశాయి. సరుకు మెల్లగా రైలెక్కింది, బిడారులు ఆగిపోయాయి. రైలు చెడ్డదని కాదు, ఈరోజు మనం ఎక్కేదీ అదే. కానీ పట్టాలు మనవి కావు, రేటు మనం పెట్టేది కాదు. సాఫ్ట్‌వేర్‌లో కూడా చూడాల్సింది ఇదే.

1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ తెచ్చింది. నేర్చుకోవడం సులువు, కానీ నడిచేది ఆ కంపెనీ విండోస్ మీదే. 1998లో ఆరో వెర్షన్ వచ్చింది. ఆఫీసులకి, షాపులకి దాంట్లో ఎన్నో ప్రోగ్రాములు రాశారు. 2002లో డాట్ నెట్ వచ్చాక పాత కోడ్ కొత్తదాంట్లో ఉన్నది ఉన్నట్టు నడవలేదు. 2005లో పాతదానికి మామూలు సపోర్ట్ ఆపేశారు. డెవలపర్లు సంతకాలు పెట్టి అడిగినా కంపెనీ వినలేదు. కోడ్ రాసింది వీళ్లు, తాళంచెవి వాళ్ల దగ్గర.

జావా దారి వేరు. 1995లో సన్ కంపెనీ విడుదల చేసింది. ఒకసారి రాస్తే విండోస్, లినక్స్ దేనిమీదైనా నడుస్తుందన్నారు. డబ్బులు అడగలేదు. అయితే ఉచితం వేరు, ఓపెన్ వేరు. ఊరి బోరు నీళ్లు ఊరికే ఇచ్చినా, మోటారు గది తాళం ఒకరి దగ్గరే ఉంటే అది ఉచితం మాత్రమే. 2006 నవంబరులో సన్ జావా కోడ్‌ని జీపీఎల్ లైసెన్సు కింద తెరవడం మొదలుపెట్టింది. అంటే ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. పంచేవాళ్లు ఎదుటివాళ్లకి కూడా అదే హక్కు ఇవ్వాలి.

2010లో ఒరాకిల్ సన్‌ని కొనేసింది. అదే ఏడాది ఆండ్రాయిడ్‌లో జావా వాడకం మీద గూగుల్‌పై కేసు వేసింది. 2021లో అమెరికా సుప్రీంకోర్టు గూగుల్ వైపు తీర్పిచ్చేదాకా ఆ గొడవ సాగింది. కోడ్ తెరిచాక కూడా యజమాని మారితే కోర్టు దాకా పోవచ్చన్నమాట. అయినా జీపీఎల్ కింద బయటికొచ్చిన కోడ్‌ని ఎవరూ వెనక్కి లాక్కోలేకపోయారు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది అదే.

డాట్ నెట్‌ని లినక్స్ మీద నడపడానికి బయటివాళ్లు మోనో అనే ప్రాజెక్టు కట్టుకున్నారు. ఆఖరికి మైక్రోసాఫ్టే 2014లో డాట్ నెట్ కోర్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. 2016లో అది లినక్స్ మీద కూడా వచ్చింది. పోటీలో ఓపెన్ వస్తువు లేకపోతే ఆ తలుపు తెరుచుకునేదా?

మొబైల్ సంగతి చూడండి. ఐఫోన్ యాప్ స్టోర్‌లో పెట్టాలంటే మామూలుగా మ్యాక్ కంప్యూటర్ కావాలి, ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. ఆండ్రాయిడ్ స్టూడియో విండోస్, లినక్స్ లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు. అక్కడా గేటు ఉంది, కాకపోతే దాటగలిగే గేటు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు జావా అయినా డాట్ నెట్ అయినా భయం లేదు, రెండూ తెరిచే ఉన్నాయి. ఫీజు కట్టే ముందు మూడు అడగండి. పాత లాప్‌టాప్‌లో లినక్స్ మీద నడుస్తుందా? కోడ్ చూడొచ్చా? కంపెనీ వదిలేస్తే ఇంకొకరు నడపగలరా?

గోర్ బోలీ మాటలు, అవ్వల పాటలు మీరు టైప్ చేసి దాచినా ఇదే లెక్క. ఏదో ఒక్క ప్రోగ్రాములోనే తెరుచుకునే ఫాంటులో వద్దు, యూనికోడ్‌లో దాచండి. బిడారు దారి మన చేతిలోంచి పోయింది. మన మాటల తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉండాలి.