అండమాన్‌లో రెండు ముప్పయ్యో తేదీలు

1943 డిసెంబరు 30న పోర్ట్‌బ్లెయిర్ జింఖానా మైదానంలో సుభాష్ చంద్రబోస్ జెండా ఎగరవేశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్‌లో జపాన్ సైనికులు 44 మంది భారతీయులను గూఢచారులన్న అనుమానంతో కాల్చి చంపారు. చనిపోయినవారిలో పలువురు బోస్ నాయకత్వం వహిస్తున్న ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులే. మొదటి తేదీ మన పిల్లలకు కూడా తెలుసు. రెండోదాన్ని మన చరిత్ర రచన పట్టించుకున్నది తక్కువ. అండమాన్ ఆక్రమణను స్వాతంత్ర్యోద్యమంలో ఒక ఘట్టంగానే చదివితే సరిపోదనీ, అక్కడ బతికిన మామూలు జనం వైపు నుంచి కూడా చదవాలనీ ఈ వ్యాసం వాదన.

1942 మార్చి 23న జపాన్ సేనలు దిగినప్పుడు ఎదురు నిలిచినవారు లేరు. బ్రిటిష్ సైన్యం ముందే వెళ్ళిపోయింది. తెల్లదొరల పీడ వదిలిందని సంతోషించినవారూ ఉన్నారు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. కోళ్ళ కోసం ఇళ్ళలో జొరబడుతున్న సైనికుల మీద జుల్ఫికర్ అలీ అనే యువకుడు పిట్టలు కొట్టే ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. అయినా అతన్ని జనం అందరి ముందూ చేతులు మెలితిప్పి విరిచి, ఆ తర్వాత కాల్చి చంపారు. అతని స్మారకం నేటికీ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది.

తర్వాతి హింసకు మూలం సముద్రంలో ఉంది. సరుకు తెచ్చే జపాన్ ఓడలను మిత్రరాజ్యాలు ముంచుతూ వచ్చాయి. సమాచారం ఎవరో చేరవేస్తున్నారని అధికారులు అనుమానించారు. నిజానికి 1943 జనవరిలోనే బ్రిటిష్ అధికారి మేజర్ మెకార్తీ గూఢచారి బృందం జలాంతర్గామిలో వచ్చి అడవిలో దిగింది. ఆ సంగతేమీ ఎరగని గుమాస్తాలూ, డాక్టర్లూ, ఉపాధ్యాయులూ సెల్యులార్ జైలు పాలయ్యారు. లీగ్ స్థానిక అధ్యక్షుడు, పంజాబీ కవి డాక్టర్ దీవాన్ సింగ్ ఆ గదుల్లోనే చిత్రహింసలకు గురై 1944 జనవరి 14న చనిపోయారు. బోస్ పోర్ట్‌బ్లెయిర్ వచ్చిన రోజుల్లో ఆయన అక్కడే బందీగా ఉన్నారు. ఆ సంగతి బోస్ చెవిన పడనివ్వలేదనే ద్వీపవాసులు చెబుతారు. నాకూ అదే నమ్మదగ్గదిగా తోస్తుంది.

బియ్యం బయటి నుంచి రావలసిన దీవి అది. ఓడలు ఆగిపోయాక కర్రపెండలం, చిలగడదుంపలే దిక్కయ్యాయి. 1945 ఆగస్టులో, తిండికి భారమనుకున్న వందలమందిని పడవల్లో హేవ్‌లాక్ ద్వీపం వైపు తీసుకెళ్ళి సముద్రంలోకి తోసేశారు. ఆ ద్వీపానికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు.

అండమాన్ నికోబార్ జనాభా 1941లో 33,768, 1951లో 30,971. ఈ తగ్గుదలనంతా మరణాల ఖాతాలో వేయడం తప్పు. యుద్ధం ముగిశాక ఖైదీల కాలనీని ఎత్తేశారు, చాలామంది సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. మరోవైపు తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చి చేరడం మొదలైంది. అందుకే ఈ అంకెలొక్కటే చాలవు. లొంగిపోయే ముందు జపాన్ అధికారులు తమ కాగితాలు తగలబెట్టారు గనుక, మిగిలిన ముఖ్యమైన ఆధారం ‘లోకల్‌బార్న్’ కుటుంబాల, అంటే అక్కడే స్థిరపడిన ఖైదీల సంతతి, జ్ఞాపకమే. 1942లో పదేళ్ళున్నవారికి ఇప్పుడు తొంభై దాటాయి. పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళే మన పరిశోధకులు సెల్యులార్ జైలు కంటే ముందు వాళ్ళ గడప తొక్కాలి.