బొమ్మ విమానములో చోదకుని పీఠము



బొమ్మ విమానములో చోదకుడు కూర్చుండు గదికి సన్నని కుంచెతో రంగులు వేయుటను గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఇది బాలక్రీడ గదా, దీనికొక చరిత్రయా యని పెద్దలు నవ్వవచ్చును. కాని యీ బొమ్మలు ఒకప్పుడు ప్రాణరక్షణకు పనికివచ్చినవి.

1936వ సంవత్సరమున ఇంగ్లండులో ఫ్రాగ్ అను పేర విమానపు బొమ్మలు చేయువారు, ఎగురని ప్లాస్టిక్ బొమ్మలను విడిభాగములుగా అమ్మనారంభించిరి. పెంగ్విన్ ఎగురలేని పక్షి గనుక వానికి ఆ పేరే పెట్టిరి. ఇవి అసలు విమానములో 72వ వంతు. ఆరడుగుల మనుష్యుడు ఆ లెక్కకు ఒక అంగుళమగును.

1942లో అమెరికా నౌకాదళమువారు పాఠశాలల పిల్లలను ఇదే కొలతలో 5 లక్షల కొయ్య విమానములు చేసియిమ్మని కోరిరి. ఆకాశమున వచ్చు విమానము తమదో, శత్రువుదో సైనికులు క్షణములో గుర్తింపవలెను. పొరబడినచో తమవారినే కూల్చుట తటస్థించును. ఇట్టి బొమ్మను 35 అడుగుల దూరమునుండి చూచినచో, నిజవిమానము సుమారు అరమైలు దూరమున నున్నట్లు కన్పించును. ఆకారమే ముఖ్యమగుటచే వానికి నల్లరంగు పూసిరి. లోపల కూర్చుండువానితో పనిలేకపోయెను.

యుద్ధము 1945లో ముగిసెను. 1953లో ఇంగ్లండున ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ బొమ్మ రెండు షిల్లింగులకే అమ్మకమునకు వచ్చెను. క్రమముగా అభిరుచిగలవారి దృష్టి లోపలి గదికి మరలెను. స్పిట్‌ఫైర్ గది గోడలకు బూడిదవన్నె కలిసిన ఆకుపచ్చ, కొలతయంత్రముల పలకకు నలుపు వేయుదురు. మూడంగుళముల యంత్రముఖము ఇందు ఆవగింజంత యగును. కుంచెను తెల్లరంగున ముంచి, గుడ్డపై తుడిచి, మిగిలిన కొద్దిపాటి రంగును ఉబ్బెత్తు అంచులపై తేలికగా రాచినచో గీతలు పైకి తేలును. పిమ్మట ఒక వార్నిష్ చుక్క అద్దమువలె మెరయును.

వింత యేమనగా, ఈ పనిని మొదటనే ముగించి, విమానపు రెండు ప్రక్కలను అతికింపవలెను. తరువాత పారదర్శకమైన పైకప్పులోనుండి కనబడునది కొంతయే. మరి యింత శ్రమ యెందులకు? నల్లబొమ్మను చూచినవారికి ఆ విమానము ఎవరిదో తెలిసిన చాలును. రంగులు వేయువాడు అందు ఎవరు కూర్చుండిరో తలచుకొనుచున్నాడు. అంగుళమైనను లేని ఆ పీఠమువంటి దానియందే ఎందరో తల్లుల బిడ్డలు కూర్చుండి పోయిరి. కొందరు తిరిగి రాలేదు.

మీ మనుమల చేత నట్టి బొమ్మ కనబడినచో, ఆ గదిలోనికి ఒకమారు తొంగిచూడుడు.