క్యూబు పగిలిన చప్పుడు

స్వర్ణోత్సవ సంచికకు విజేతల పట్టిక రాసిమ్మన్నారు. షీల్డులు గెలిచినవాళ్ల పేర్లు ఆఫీసు బీరువాలో భద్రంగానే ఉన్నాయి, ఎవరైనా ఎత్తి రాయొచ్చు. నాకు గుర్తున్నవి మాత్రం పగిలినవీ, విరిగినవీ.

మన సివిల్ విద్యార్థుల సమ్మేళనం మొదలైననాటికి రాష్ట్రంలో ఇంజనీరింగు కాలేజీలను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఉస్మానియాది 1929 నాటిది. 1946లో పుట్టినవి రెండు: విశాఖలో పుట్టి కాకినాడ చేరింది ఒకటి, మద్రాసు గిండీలో పుట్టి అనంతపురం చేరింది ఇంకొకటి. వరంగల్ రీజనల్ కాలేజీకి 1959లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఇన్ని ఊళ్ల పిల్లలు ఒకచోట చేరాలంటే ఏదో ఒక సాకు కావాలి. సెప్టెంబరు 15, విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజు, ఇంజనీర్స్ డే ఉండనే ఉంది. హైదరాబాదులో జరిగిన ఏడల్లా అందర్నీ బస్సెక్కించి గండిపేటకు తీసుకెళ్లేవారు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ఆయన్ను పిలిపించడం, 1920లో ఆ కట్ట పూర్తికావడం ఎవరో ఒక లెక్చరర్ గారు చెబుతుంటే, మేం పులిహోర పొట్లాలు విప్పేవాళ్లం.

మొదట్లో పోటీ అంటే పేపర్ చదవడమే. చదివేవాడికి చెమటలు, వినేవాళ్లకు కునికిపాట్లు. క్యూబుల పోటీ పెట్టాకే సమ్మేళనానికి ప్రాణం వచ్చింది. ఎవరి కాలేజీలో వాళ్లు 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు పోతపోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి తేవాలి. ఒక్కోటి ఎనిమిది కిలోలు. మావి మూడూ గోనెసంచిలో కట్టి రైలు దిగితే కూలీ ఎత్తి చూసి, "ఇందులో రాళ్లున్నాయా బాబూ?" అన్నాడు. ఉన్నాయనే చెప్పాం.

ఎం20 కాంక్రీటన్నాక ఆ క్యూబు 450 కిలోన్యూటన్లు, అంటే సుమారు 46 టన్నులు మోయాలి. మా మొదటి క్యూబును నొక్కే యంత్రంలో పెడితే ముల్లు 290 దాకా పోయి వెనక్కి తిరిగింది. పెళ్లుమనను కూడా లేదు, అప్పడం నలిగినట్టు నలిగింది. ల్యాబులో ఉన్న తాపీ మేస్త్రి ఒక ముక్క తీసి బొటనవేలితో రుద్దాడు. "నీళ్లు దండిగా పోశారు" అన్నాడు. నిజమే. జారుగా ఉంటే మౌల్డులో తేలిగ్గా కూరొచ్చని చెంబెడు ఎక్కువ పోసింది నేనే. ఎక్కువైన నీళ్లు పోయినచోటల్లా కాంక్రీటులో సన్నని బోలు మిగులుతుంది. నీరు పెరిగేకొద్దీ బలం ఎలా పడిపోతుందో గ్రాఫు గీసి పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న చెయ్యే అది!

పక్క జట్టు క్యూబు మాత్రం నాలుగు వైపులా పెచ్చులు ఊడి, నడుము సన్నబడి ఢమరుకంలా మిగిలింది. పైనా కిందా యంత్రం పలకల రాపిడి కాంక్రీటును పట్టి ఉంచుతుంది కాబట్టి పక్కలే రాలతాయి. సరిగ్గా పగలడమంటే ఏమిటో ఆ రోజే చూశాను.

ఐస్‌క్రీం పుల్లల వంతెనలు తర్వాతి తరం తెచ్చిన వేడుక. పుల్లలు, ఫెవికాల్, మధ్యలో వేలాడే బకెట్టు, మగ్గుతో ఇసుక. వంతెన బరువుకి ఎన్ని రెట్లు మోసిందన్నదే మార్కు. అందరి కళ్లూ కింది పుల్లల మీదే ఉంటాయి. పై వరుస మాత్రం, అడ్డపుల్లలు చాలక, చడీచప్పుడు లేకుండా పక్కకు వంగి మొత్తాన్ని కూల్చేస్తుంది. ఇప్పటి పిల్లలు కంప్యూటర్లో లెక్కలన్నీ చూసుకునే వస్తారు. అయినా ఏటా రెండు మూడు వంతెనలు అలాగే పోతాయి, జిగురు ఆరకముందే తెచ్చినవి కాక.

ఈ ఏడు బకెట్టులో ఇసుక పోసే పని నాకే అప్పజెప్పారు. పిల్లలు అప్పుడే అడుగుతున్నారు, మెల్లగా పోస్తారు కదా సార్ అని.