పాత ఇళ్లలో విద్యుత్ వైరింగ్: చరిత్ర, భద్రత, ప్రణాళిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- మన దేశంలో ఇంటి వైరింగ్ ఏయే దశలు దాటి వచ్చిందో వివరించగలుగుతారు.
- పాత ఇంట్లో విద్యుత్ ప్రమాదాలకు చారిత్రక కారణాలను గుర్తించగలుగుతారు.
- ఇంటి యజమాని స్వయంగా చేయదగిన పని ఏది, చేయకూడని పని ఏది అన్నది చెప్పగలుగుతారు.

1. పరిచయం

వరంగల్ చరిత్ర అనగానే మీకు కోటలోని తోరణాలు, వేయిస్తంభాల గుడి గుర్తుకు వస్తాయి. అయితే మట్టెవాడలోనో గిర్మాజీపేటలోనో ఒక పాత ఇంటి గోడకు ఉన్న మెయిన్ బోర్డు కూడా చారిత్రక ఆధారమే. పింగాణీ ఫ్యూజులు, టేకు పట్టీల మీద పరిచిన తీగలు, వాటి పక్కనే ప్లాస్టిక్ పైపులు, కొత్త స్విచ్చులు: ఇవన్నీ వేర్వేరు కాలాలకు చెందినవి. శాసనాన్ని చదివినట్టే ఈ పొరలను కూడా చదవవచ్చు. శాసనాన్ని తప్పుగా చదివితే వ్యాసంలో తప్పు దొర్లుతుంది. ఈ పొరలను తప్పుగా చదివితే ప్రాణం పోవచ్చు.

ఈ పాఠంలో ప్రధానాంశం ఇది. పాత ఇంట్లో ప్రమాదానికి తీగ వయసు ఒక్కటే కారణం కాదు. ఒక కాలం అవసరాలకు వేసిన తీగ మీద మరొక కాలపు భారం మోపడం అంతకంటే పెద్ద కారణం.

2. విద్యుత్తు రాక: సంక్షిప్త నేపథ్యం

విద్యుత్ దీపాలు ఇళ్లలోకి వచ్చిన తొలిరోజుల్లోనే అగ్నిప్రమాదాల భయం కూడా వచ్చింది. 1882లో లండన్‌లోని విద్యుత్ ఇంజనీర్ల సంఘం వైరింగ్‌పై తొలి నియమాలను ప్రకటించింది. వాటి ముఖ్యోద్దేశం అగ్నిప్రమాదాల నివారణే. మన దేశంలో 1897లో డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్ జలవిద్యుత్ కేంద్రం, 1902లో శివనసముద్రం కేంద్రం మొదలయ్యాయి. 1910లో భారత విద్యుత్ చట్టం వచ్చింది.

వరంగల్ అప్పుడు నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో భాగం. 1934లో ఆజంజాహీ మిల్లు ఏర్పడటంతో నగరం పారిశ్రామిక కేంద్రంగా ఎదిగింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1971లో రామగుండంలో బోర్డు 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం, 1983లో అక్కడే ఎన్టీపీసీ తొలి యూనిట్ వచ్చాయి. 2000లో పంపిణీ సంస్థలు వేరుపడినప్పుడు ఉత్తర ప్రాంత సంస్థకు వరంగల్ కేంద్రమైంది.

3. వైరింగ్ దశలు

వరంగల్‌లోని పాత ఇళ్లు రాయి, మట్టి, డంగు సున్నంతో కట్టినవి. గోడలు మందంగా ఉంటాయి. అలాంటి గోడలను తొలిచి తీగలు లోపల పెట్టడం కష్టం. అందువల్ల గోడ పైభాగంలోనే వైరింగ్ చేసేవారు.

3.1 రబ్బరు తీగల దశ: తొలి తీగలకు రబ్బరు పూత, దానిపై నూలు అల్లిక ఉండేవి. వాటిని కేసింగ్ క్యాపింగ్ అనే చెక్క పెట్టెల్లోనో, టేకు పట్టీల మీద క్లిప్పులతోనో బిగించేవారు. దశాబ్దాలు గడిచేసరికి రబ్బరు ఎండి పెళుసవుతుంది. కదపనంతకాలం బాగున్నట్టే కనిపిస్తుంది. కొత్త స్విచ్ పెట్టడానికి వంచగానే పూత పొడిపొడిగా రాలి లోపలి రాగి బయటపడుతుంది.

3.2 అల్యూమినియం దశ: రాగిని ఎక్కువగా దిగుమతి చేసుకోవలసి రావడంతో 1960, 70 దశకాల్లో ఇళ్లలోనూ అల్యూమినియం తీగలు విరివిగా వాడారు. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ కింద క్రమంగా నలిగి పట్టు సడలుతుంది. దాన్ని నేరుగా రాగి తీగతో మెలిపెట్టి కలిపితే ఆ అతుకు దగ్గర వేడి పుడుతుంది.

3.3 పీవీసీ దశ: తరువాతి కాలంలో పీవీసీ పూత ఉన్న రాగి తీగలు, ప్లాస్టిక్ పైపులు సాధారణమయ్యాయి. అయితే చాలా ఇళ్లలో పాతది తీసివేయకుండా దానికే కొత్తది అతికించారు. గది పెరిగిన ప్రతిసారీ ఒక అతుకు పెరిగింది.

4. భారం ఎలా మారింది

ఒక చిన్న లెక్క చూడండి. 60 వాట్ల బల్బులు 4, 75 వాట్ల ఫ్యాన్లు 2 ఉన్న ఇంటికి మొత్తం 390 వాట్లు. 230 వోల్టుల వద్ద ఇది సుమారు 1.7 ఆంపియర్లు. పాత వైరింగ్ ఇలాంటి ఇంటిని దృష్టిలో పెట్టుకుని వేసింది. ఇప్పుడు అదే తీగకు 2,000 వాట్ల గీజర్ ఒక్కటి కలిపితే దానికే 8.7 ఆంపియర్లు అవుతుంది. కరెంటు 5 రెట్లకు పైగా పెరిగింది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది 25 రెట్లకు పైగా పెరుగుతుంది. సడలిన అతుకు దగ్గర ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది.

ఇలాంటప్పుడు పింగాణీ ఫ్యూజు తరచూ పోతుంది. ఫ్యూజు పోవడం ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికను విసుగుగా భావించి లావు తీగ కట్టడం అనేక ఇళ్లలో అలవాటైంది. అప్పుడు ఫ్యూజుకు బదులు గోడలోని తీగే కాలుతుంది.

పాత బోర్డుల్లో మరొక చిక్కు ఉంది. తొలినాటి పద్ధతిలో ఫేజ్, న్యూట్రల్ రెండింటికీ ఫ్యూజులు పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజు మాత్రమే పోతే దీపం ఆరిపోతుంది, కానీ హోల్డర్ దాకా కరెంటు ఉంటుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమావళి న్యూట్రల్‌ను ఇలా విడిగా తెంపే ఏర్పాటును అనుమతించలేదు. అయినా పాత బోర్డుల్లో ఇది ఇంకా కనిపించవచ్చు. కాబట్టి దీపం వెలగనంత మాత్రాన తీగలో కరెంటు లేదని అనుకోవద్దు.

5. చట్టం గీసిన గీత

'నా ఇంటి వైరింగ్ నేనే చేసుకోవచ్చా?' అని మీరు అడగవచ్చు. 1956 నియమావళిలోని 45వ నియమం దీనికి జవాబు చెప్పింది. బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు, గృహోపకరణాలు మార్చడం వంటి పనులకు మినహాయింపు ఇచ్చింది. కొత్త వైరింగ్, అదనపు వైరింగ్, మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, యోగ్యతా పత్రం ఉన్న వ్యక్తి పర్యవేక్షణలోనే జరగాలన్నది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన నిబంధనలూ ఈ సూత్రాన్నే కొనసాగించాయి.

అందువల్ల ఇంటి యజమానికి మిగిలే అసలైన స్వయంకృషి ప్రణాళిక. అది చిన్న పని కాదు. ఇంటి చరిత్ర తెలిసినవారు ఇంటివారే.

6. ప్రణాళిక క్రమం

(1) పటం: ఇంటి పటం గీసి ప్రతి దీపం, ఫ్యాను, ప్లగ్గు గుర్తించండి. ఏ గది ఎప్పుడు కట్టారో పెద్దలను అడిగి రాయండి. కంటితో మాత్రమే చూడండి. బోర్డులు విప్పవద్దు, మీటరు సీలు ముట్టుకోవద్దు.

(2) భారాల పట్టిక: ప్రతి పరికరం వాట్లు రాసి 230తో భాగించండి. రాబోయే పదేళ్లలో కొనబోయే వాటినీ చేర్చండి.

(3) సర్క్యూట్ల విభజన: దీపాలకు, ప్లగ్గులకు, ఏసీ లేదా గీజరుకు వేర్వేరు సర్క్యూట్లు ఉండాలి. రాగి తీగ సాధారణంగా దీపాలకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్లు వాడతారు.

(4) రక్షణ: ఎంసీబీ తీగను కాపాడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనుకోవద్దు. పాత ఇళ్లలో రెండు సర్క్యూట్లకు ఒకే న్యూట్రల్ ఉంటే ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంది. అప్పుడు సరిచేయవలసింది న్యూట్రల్‌ను. ఆర్‌సీసీబీని తీసివేయడం పరిష్కారం కాదు.

(5) ఎర్తింగ్: రెండు పిన్నుల ప్లగ్గుల కాలంలో ఎర్త్ తీగ గదిగదికీ వేయలేదు. మూడు పిన్నుల ప్లగ్గు బిగించినంత మాత్రాన ఎర్త్ వచ్చినట్టు కాదు. మన ఎండాకాలంలో నేల ఎండితే ఎర్త్ గుంట పనితనం తగ్గుతుంది కనుక దాన్ని తడిగా ఉంచాలి, కొలిపించాలి.

(6) వరద: 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరంగల్, హన్మకొండ కాలనీలు నీట మునిగాయి. లోతట్టు ఇంట్లో మెయిన్ బోర్డు, ప్లగ్గులు నీరు చేరిన గుర్తుకంటే పైన ఉండాలి. మునిగిన ఇంట్లో పరీక్ష జరగకుండా మెయిన్ వేయకూడదు.

(7) పరీక్ష: పని ముగిశాక మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. 500 వోల్టుల వద్ద కనీసం 1 మెగాఓమ్ రావాలి. ఫలితాన్ని కాంట్రాక్టరు నుంచి రాతపూర్వకంగా తీసుకుని, పటంతో కలిపి భద్రపరచండి.

7. సారాంశం

పాత ఇంటి వైరింగ్ అనేక కాలాల పొరల కలయిక. రబ్బరు తీగ, అల్యూమినియం అతుకు, ఎర్త్ లేని ప్లగ్గు: ప్రతిదీ తన కాలానికి తగిన ఏర్పాటే. ఆ కాలం మారినా ఏర్పాటు మారకపోవడమే ప్రమాదం. పొరలను గుర్తించి, లెక్క కట్టి, పటం గీయడం మీ పని. తీగ కలపడం లైసెన్సు ఉన్నవారి పని. మీరు భద్రపరిచే ఆ పటమే తరువాతి తరానికి ఇంటి చరిత్ర అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రబ్బరు పూత తీగలను కదిపినప్పుడు ప్రమాదం ఎందుకు పెరుగుతుంది?
2. ఎంసీబీ, ఆర్‌సీసీబీల మధ్య భేదం తెలపండి.
3. 45వ నియమం ప్రకారం ఇంటి యజమాని స్వయంగా చేయదగిన పనులు ఏవి?
4. మీ ఇంటి భారాల పట్టిక తయారుచేసి, మొత్తం ఎన్ని ఆంపియర్లో లెక్కించండి.