గ్రహశబ్దార్థచరిత్రము

తెలుఁగుదేశమున బడికిఁ బోవు బాలుఁడు గ్రహమను మాటను రెండు తావుల రెండు విధములుగా వినుచున్నాఁడు. పాఠశాలలో సూర్యుని చుట్టును దిరుగు గ్రహములు ఎనిమిది యని నేర్పుదురు: బుధుఁడు, శుక్రుఁడు, భూమి, అంగారకుఁడు, బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్. దేవాలయమండపమునఁ బ్రదక్షిణము చేయునప్పుడు గ్రహములు తొమ్మిది: సూర్యుఁడు, చంద్రుఁడు, అంగారకుఁడు, బుధుఁడు, బృహస్పతి, శుక్రుఁడు, శని, రాహువు, కేతువు. ఈ రెండు పట్టికలకును సామాన్యములైనవి యైదు మాత్రమే. ఒకదాన భూమి కలదు, రెండవదాన లేదు. ఒకదాన సూర్యుఁడు నడుమనుండి గ్రహములనెల్లఁ దనచుట్టుఁ ద్రిప్పుకొనువాఁడు. రెండవదాన నతఁడే మొదటి గ్రహము. బాలుఁడు దీనిఁ గుఱించి యడిగినచో ఉపాధ్యాయులు తఱచుగా రెండు సమాధానములలో నొకటి చెప్పుదురు. పూర్వులు తెలియక పొరపడిరి అనునది యొకటి. పూర్వులు సౌరకుటుంబము నంతయు నెఱిఁగియే తొమ్మిది యనిరి అనునది రెండవది. మొదటిది శాస్త్రమునకు అన్యాయము, రెండవది చరిత్రమునకు అన్యాయము. ఆ శబ్దము నడచివచ్చిన త్రోవను జూచినచో రెండును నిలువవు.

పట్టుట, గైకొనుట అను నర్థముగల క్ర్యాదిగణధాతువునుండి గ్రహశబ్దము పుట్టినది. అష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము మొదటి పాదమునందలి 143వ సూత్రమున పాణిని ఈ ధాతువునకు ణప్రత్యయమును వికల్పముగా విధించెను. అది వచ్చినచో వృద్ధి కలిగి గ్రాహమగును; రానిచో అచ్ప్రత్యయముచే గ్రహమగును. ఐనను ఈ వికల్పము ఎల్లయెడల నిచ్చవచ్చినట్లు చెల్లదనియు, ఇది వ్యవస్థితవిభాష యనియు కాశికాకారులు తీర్చిరి: జలచరమును జెప్పునప్పుడు గ్రాహమే, జ్యోతిస్సును జెప్పునప్పుడు గ్రహమే. గజేంద్రుని కాలు పట్టిన మొసలికిని జాతకుని బట్టు శనికిని వ్యాకరణమున నొక్క దీర్ఘమే యెడము. తెలుఁగువాఁడు ఆ యెడమును గూడఁ బాటింపక, మొసలి పట్టినదనియు శని పట్టినదనియు నొక్క క్రియతోనే యనుచున్నాఁడు. గ్రహపాటు, గ్రహచారము అను వాడుకలలో నిలిచియున్నదియు ఆ పాత యర్థమే.

పట్టునది యను నీ యర్థము మిక్కిలి ప్రాచీనము. యజుర్వేదమున సోమరసమును బట్టు పాత్రకు గ్రహమని పేరు. ఋగ్వేదము ఐదవ మండలమున స్వర్భానువు సూర్యునిఁ జీఁకటితోఁ గప్పిన వృత్తాంతము కలదు. అథర్వవేదము 19వ కాండమునందలి యొక శాంతిమంత్రమున చంద్రసంబంధములైన గ్రహములును, రాహువుతోఁ గూడిన యాదిత్యుఁడును పేర్కొనఁబడిరి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున పసిబిడ్డలను బట్టు బాలగ్రహములు తొమ్మిది చెప్పఁబడినవి. వానికిని ఆకాశజ్యోతిస్సులకును నిమిత్తము లేదు. యవనభాషలో గ్రహములకుఁ గల పేరు వేఱొక త్రోవను వచ్చినది. దానికిఁ దిరుగునది యని యర్థము. మాటలు వేఱైనను లెక్క మాత్ర మొకటే యయ్యెను. వారును సూర్యచంద్రులను గలిపి యేడింటినే యాపేరఁ బిలిచిరి.

ఇట్లేల కలిపిరో తెలియుటకు నక్షత్రశబ్దమును గూడ విచారింపవలెను. ఆఱవ యధ్యాయము మూఁడవ పాదము 75వ సూత్రమున, నఞ్ మాఱక నిలిచిన శబ్దములలో పాణిని దీనిఁ జేర్చెను. క్షరింపనిది, క్షయింపనిది యని వ్యాఖ్యాతలు విడఁదీసిరి. (మొసలికిఁ బేరైన నక్రశబ్దమును ఆ సూత్రముననే యున్నది, ఈ జంతువు శాబ్దికులను విడువదు.) కృత్తికలును సప్తర్షులును తమలోఁ దమ యెడములను ఏఁటేఁటికిని మార్చుకొనకుండుట కంటికిఁ గనఁబడును. ఆ కదలని గుంపుల నడుమ కదలుచుఁ బోవునవి కొన్ని కలవు. చంద్రుఁడు ఇరువదియేడు దినములకుఁ గొంచె మెక్కువలో, సూర్యుఁడు ఒక వత్సరమున, శని సుమారు 29½ వత్సరములలో నక్షత్రచక్రమును జుట్టివచ్చును. నక్షత్రముల నడుమ స్థానము మార్చునది గ్రహమన్నచో సూర్యచంద్రులు గ్రహములే. కాలి క్రింది భూమి యట్లు కదలుట నెవ్వరును జూడరు గనుక నది గ్రహము కాదు. ఇది పొరపాటు గాదు, లక్షణము. లక్షణమును బట్టియే లక్ష్యమేర్పడును. అంతేకాక సిద్ధాంతకర్తలు సూర్యచంద్రులను వేఱుపఱచి, తక్కిన యైదింటికిని తారాగ్రహములని ప్రత్యేకముగాఁ బేరిడిరి. పాఠశాల పట్టికకును దేవాలయ పట్టికకును సామాన్యములైన యైదును సరిగా నివియే.

రాహుకేతువుల స్థితి వేఱు. అవి బింబములు గావు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులకు ఆ పేరు లేర్పడినవి. జ్యోతిషికులు వానిని పాతములందురు. అవి వెనుకకు జరుగుచు సుమారు 18 వత్సరముల 7 మాసములకు నక్షత్రచక్రమును దిరుగును. అట్లు తిరుగుటచేతనే పట్టికలోఁ జేరినవి. చంద్రుఁడు సూర్యునిఁ గప్పుననియు, భూచ్ఛాయ చంద్రునిఁ గప్పుననియు ఆర్యభటుఁడు క్రీ. శ. 499 నాఁడే చెప్పియుండెను. బ్రహ్మగుప్తుఁడు 628లో రాహువును ద్రోసివేసినందుకు నతనిని నిందించెను గాని, గ్రహణగణితమును జేయునప్పుడు ఆ ఛాయనే గ్రహించెను. శాస్త్రమొక చేతను, సంప్రదాయ మొక చేతను బట్టుకొని నడచుట పండితులకుఁ గ్రొత్త గాదు. కేతుశబ్దము వరాహమిహిరుని బృహత్సంహితయందు తోఁకచుక్కలకుఁ జెల్లినది. పాతమునకుఁ జెల్లుట తరువాతి మాట.

ఇఁక గ్రహముల వరుస. బాలురకుఁ జెప్పఁదగిన పాఠములలో దీనికంటె రుచికరమైనది లేదు. నెమ్మదిగాఁ దిరుగుదానినుండి వేగముగాఁ దిరుగుదాని దాఁక ఆర్యభటుఁడు చెప్పిన క్రమము: శని, గురుఁడు, కుజుఁడు, రవి, శుక్రుఁడు, బుధుఁడు, చంద్రుఁడు. అహోరాత్రమునందలి 24 హోరలకు వీరు వరుసగా అధిపతులు. శనివారము మొదటి హోర శనిది. ఏడేసి చొప్పున మూఁడావృత్తులు గడవఁగా మూఁడు హోరలు మిగులును. అవి శని, గురు, కుజులవి. మఱునాఁటి మొదటి హోర రవిదగును. రవినుండి నాలవవాఁడు చంద్రుఁడు, చంద్రునినుండి నాలవవాఁడు కుజుఁడు. ఇట్లే వారము లేడును దొరలివచ్చును. బలపముతో పలకపై వ్రాయించినచో పదేండ్ల పిల్లవాఁడు దీనిని తానే కనుఁగొనఁగలఁడు.

ఆ వరుసలోనే వేఱొక పాఠము దాఁగియున్నది. వరుస నడుమనున్న రవిని దీసి కేంద్రమునఁ గూర్చుండఁబెట్టి, కేంద్రమునందున్న భూమిని చంద్రునితోఁగూడ రవి స్థానమునకుఁ దెచ్చినచో, బుధుఁడు, శుక్రుఁడు, భూమి, కుజుఁడు, గురుఁడు, శని యని నేఁటి పాఠశాలక్రమము వచ్చును. ఇది కాకతాళీయము గాదు. సూర్యున కారోపింపఁబడిన సంవత్సరపరిభ్రమణము నిజమునకు భూమిదే యగుటచే నిట్లయినది. బుధశుక్రులకు సిద్ధాంతములు చెప్పిన శీఘ్రోచ్చభగణకాలములు సుమారు 88 దినములు, 225 దినములు. సూర్యుని చుట్టును వారు దిరుగు కాలములు సరిగా నివియే. కేరళమున నీలకంఠసోమయాజి 1500 ప్రాంతమున తారాగ్రహము లైదును సూర్యుని చుట్టును దిరుగుననియు, ఆ సూర్యుఁడు భూమి చుట్టును దిరుగుననియు నిరూపించెను. తుది మెట్టొక్కటే మిగిలిపోయెను.

ఆ మెట్టును ఆర్యభటుఁడే యెక్కెనని కొందఱు వ్రాయుదురు. అది సరి గాదు. అతఁడు చెప్పినది భూమి తనచుట్టుఁ దాను దిరుగుట. యుగమునకు భూభ్రమణములు 1,58,22,37,500 అని లెక్కయు నిచ్చెను. యుగవర్షములు 43,20,000 చేత భాగింపఁగా వత్సరమునకు 366కు మించి వచ్చును. దినములకంటె భ్రమణము లొకటి యెక్కువగుట నేఁటి గణితమునకును సమ్మతమే. ఓడలో ముందునకుఁ బోవువానికి ఒడ్డు వెనుకకుఁ బోవునట్లు తోఁచుట యతని దృష్టాంతము. అట్లైనచో ఆకాశమున కెగిరిన పక్షులు తమ గూండ్లకు మరలఁ జేరఁజాలవని వరాహమిహిరుఁ డాక్షేపించెను. సూర్యుని చుట్టును భూమి దిరుగుట వేఱు ప్రతిజ్ఞ. అది ఆర్యభటీయమున లేదు. ఉన్న కీర్తి చాలినవానికి లేనిదానిని గట్టిపెట్టుట గౌరవము గాదు.

ఐరోపాఖండమున కోపర్నికసు గ్రంథము 1543లో వెలువడినది. గెలీలియో 1610లో బృహస్పతి చుట్టును దిరుగు నాలుగు చంద్రులను జూచెను. లక్షణము మాఱెను. సూర్యుని చుట్టును దిరుగునది గ్రహమని చెప్పఁగా సూర్యుఁడు పట్టికనుండి తొలఁగెను, భూమి చేరెను, చంద్రుఁడు ఉపగ్రహమయ్యెను. గ్రహము లాఱయ్యెను. 1781లో హెర్షెలు యురేనసును గనుఁగొనెను. 1801 జనవరి 1వ తేదిని పియాజ్జి కనుఁగొనిన సెరెస్ కొన్ని దశాబ్దములు గ్రహమనిపించుకొని, తనవంటివి పెక్కులు గనఁబడఁగా నా పదవిని గోలుపోయెను. 1846లో లెవెరియే గణితముచేఁ జూపిన తావునకుఁ జేరువనే గాలే నెప్ట్యూనును జూచెను. 1930లో టాంబో ప్లూటోను గనుఁగొనఁగా తొమ్మిది యయ్యెను. 2006 ఆగష్టు 24వ తేదిని ప్రేగు నగరమున అంతర్జాతీయ ఖగోళసంఘము గ్రహలక్షణమును మరల నిర్వచించి ప్లూటోను మఱుగుజ్జుగ్రహమనెను.

కావున నవీనుల లెక్కలో తొమ్మిది యను సంఖ్య నిలిచినది 76 వత్సరములు మాత్రమే. పూర్వులకు తొమ్మిది గ్రహములును దెలియుననుమాట ఈ సంఖ్యాసామ్యమును నమ్ముకొన్నదే. ప్లూటో తొలఁగినప్పుడు నవగ్రహమండపమున నొక్క విగ్రహమునైనఁ గదల్పవలసిన పని లేకపోయెను. అది యచ్చట నెన్నఁడును లేదు.

తెలుఁగుదేశమున ఈ రెండు విద్యలు నొకరినొకరు దూరమునుండి చూచుకొని యూరకుండలేదు. చెన్నపురి నుంగంబాకమున 1792లో కుంపిణీవారు నక్షత్రశాలను గట్టించిరి. అందు సహాయకుఁడుగానున్న చింతామణి రఘునాథాచార్యులు దృగ్గణితపంచాంగమును బ్రకటించినవాఁడు. అతఁడే 1867లో రెటిక్యులమను మండలమున వెలుఁగు హెచ్చుచుఁ దగ్గుచునుండు నొక నక్షత్రమును గనుఁగొనెను. క్షయింపనిది నక్షత్రమను వ్యుత్పత్తిని పంచాంగకర్తయే సవరింపవలసివచ్చెను. విశాఖపట్టణమున గోడే వేంకటజగ్గారావు 1840లో సొంత వేధశాలను నెలకొల్పెను. 1856లో నతఁడు గతింపఁగా అల్లుఁడైన అంకితము వేంకటనరసింగరావు దానిని నడపెను. 1874 డిసెంబరు 9వ తేదిని శుక్రుఁడు సూర్యబింబమును దాఁటిపోవుట నరసింగరావు విశాఖలో వేధించెను. రఘునాథాచార్యులు అంతకు ముందే దేశభాషలలో జనులకు దానిఁ దెలుపుచు చిన్న పొత్తమును వ్రాసెను. ఆ దృశ్యమునకు సిద్ధాంతపరిభాషలోఁ జోటు లేకపోలేదు. ఒక గ్రహము వేఱొకదానిఁ గప్పుటకు భేదమని సూర్యసిద్ధాంతమున పేరున్నది. హైదరాబాదున నిజామియా వేధశాల 1908 నుండి సంస్థానప్రభుత్వాధీనమై యంతర్జాతీయ నక్షత్రచిత్రపటకార్యమునఁ బాలుపంచుకొన్నది.

క్రొత్త పరిభాషలో కొన్ని మాటలు చక్కఁగా నతికినవి, కొన్ని యతుకలేదు. ఉపగ్రహము జాతకశాస్త్రమున గుళికాదులకుఁ బేరు. నేఁడు చంద్రునికిని, 1975 ఏప్రిల్ 19వ తేదిని ఎగిరిన "ఆర్యభట"కును జెల్లుచున్నది. ఇది మంచి మార్పే. గ్రహశకలమను మాట మాత్రము బగిలిన గ్రహపు ముక్కయను భ్రమ గొలుపును. 19వ శతాబ్దమున నట్లూహించినవారు గలరు గాని యా యూహ నేఁడు త్రోసిపుచ్చఁబడినది, లఘుగ్రహమనుట మేలు. సూర్యుఁడు నక్షత్రమనుటకు పండితులు కొందఱు వెనుదీయుదురు, నక్షత్రము కదలనిది గదా యని. నక్షత్రములును గదలుచున్నవని హాలీ 1718లో నిరూపించెను. దూరముచే నా కదలిక కంటికి రాదు. సూర్యుని వెలుఁగు భూమిని జేరుటకు సుమారు 8 నిమిషముల 20 సెకండ్లు పట్టఁగా, పెండ్లిలో వధూవరులు చూచు అరుంధతి వెలుఁగు సుమారు 80 ఏండ్ల క్రిందట నచ్చట బయలువెడలినది.

తెలుఁగువాచకములు వ్రాయువారికి ఇంకొక చిక్కు గలదు. శుక్రుఁడు, శని మొదలైనవి మహత్తులు, భూమి యమహత్తు. యురేనస్, నెప్ట్యూన్ అన్యదేశ్యములై యమహత్తులుగానే నిలిచినవి. వీనికి ఇంద్రుఁడు, వరుణుఁడు అను పేళ్లు పెట్టినవారు గలరు గాని, హిందీవారు ఆ రెంటిని అరుణవరుణులనుటచే ఏ పేరు దేనిదో తెలియక బాలురు తికమకపడుదురు. ఆ పేళ్లను విడిచినచో, శుక్రుఁడు తిరుగుచున్నాఁడు, భూమి తిరుగుచున్నది, శని తిరుగుచున్నాఁడు, యురేనస్ తిరుగుచున్నది యని యొకే పంక్తిలో దేవతలును గోళములును గలిసిపోవును. శుక్రగ్రహము, శనిగ్రహము అని గ్రహశబ్దమును జేర్చినచో అన్నియు నమహత్తులై "తిరుగుచున్నవి" యను నొక్క క్రియతోనే యన్వయించును.